ఇజ్రాయెల్ కామెడీలో మిలటరీ జోకులకు నవ్వు రావట్లేదు, ఏం తెలియాలి?

సబ్‌టైటిల్ సుబ్బు: ఇజ్రాయెల్ కామెడీ ఏది పెట్టినా సగం జోకులు సైన్యం మీదే. మాట అర్థమవుతోంది గానీ ఎందుకు నవ్వుతున్నారో అంతుపట్టట్లేదు. ముందుగా ఏం తెలిసుండాలి?

పాత రీలు: 18 నిండగానే సైన్యం నుంచి తప్పనిసరి సేవకు పిలుపు. చాలాకాలం మగవాళ్లకు 36 నెలలు, తర్వాత 32కి తగ్గింది, ఆడవాళ్లకు 24. చూసేవాళ్లలో ఎక్కువమంది ఆ బ్యారక్‌లోంచి వచ్చినవాళ్లే కాబట్టి రచయిత ఏదీ విప్పి చెప్పడు. ఉదాహరణకి 'ప్రొఫైల్' అంటే వైద్యపరీక్షలో వచ్చే అంకె. గరిష్ఠం 97. వందలో మిగతా మూడూ సున్తీతో పోయాయని పాత జోకు. 21 అంటే సైన్యానికి పనికిరాడని అర్థం. పాత్ర నోట 21 అని వినపడితే చాలు, హాలంతా నవ్వుతుంది.

ఇంకోటి, 'జోబ్నిక్'. యుద్ధానికి పోకుండా ఆఫీసులో కూర్చునే సైనికుడు. 2014లో తల్యా లావీ తీసిన 'జీరో మోటివేషన్' మొత్తం వీళ్ల గురించే: ఎడారి బేస్‌లో గుమాస్తా అమ్మాయిలు, కంప్యూటర్‌లో మైన్‌స్వీపర్ ఆట, స్టేప్లర్లు. శత్రువు కంటే విసుగే పెద్ద సమస్య.

గళ్ల లుంగీ: రిజర్వు డ్యూటీని మర్చిపోకండి, అసలు సరుకు అక్కడే ఉంది. సర్వీసు అయ్యాక కూడా ఏళ్ల తరబడి పిలుస్తుంటారు. పొట్ట పెరిగిన వ్యాపారి, అతనికంటే చిన్నవాడైన ఆఫీసరు, ఒకే గుడారం. ఆర్డరు వేస్తే బేరం మొదలవుతుంది. అసీ దయాన్ 1976లో తీసిన 'గివత్ హల్ఫోన్' సినాయి ఎడారిలోని ఇలాంటి రిజర్వు దళం కథే. అందులో నటించిన ముగ్గురు హాస్యనటుల బృందం హగషాష్ హహీవేర్. వాళ్లలో గవ్రీ బనాయ్ సైనిక సంగీత బృందం నుంచి వచ్చినవాడే.

రేడియో రంగడు: ఆ బృందాల సంగతి పాటల్లో ఇంకా లోతు. గాయకుడు ఆరిక్ ఐన్‌స్టైన్, నటుడు హయిమ్ తోపోల్ ఇద్దరూ సైన్యంలోని నహాల్ దళం సంగీత బృందంలో పాడినవాళ్లు. 1969లో 'శాంతి గీతం' పాడిందీ ఆ బృందమే, అంటే సైన్యం సొంత గొంతు! 1995 నవంబర్ 4న శాంతి సభలో ప్రధాని రబిన్ గొంతు కలిపింది ఆ పాటకే. ఆ రాత్రే ఆయన్ని చంపేశారు. 1950లో మొదలైన సైనిక రేడియో గలేయ్ త్సహాల్‌ని మామూలు జనమూ వింటారు. 1993లో వచ్చిన దాని పాటల ఛానెల్ గల్‌గలత్స్‌లో ఏ పాట మోగితే అది హిట్టు.

తోక చుక్క: 'అందరూ' వెళ్తారని మాత్రం అనుకోవద్దు. అరబ్ పౌరుల్లో అత్యధికులకు పిలుపే ఉండదు. ద్రూజ్ అనే అరబిక్ మాట్లాడే చిన్న మతవర్గం మగవాళ్లకు 1956 నుంచి ఉంది. హరేదీలు, అంటే కరడుగట్టిన సంప్రదాయ యూదులు, చాలామంది వెళ్లరు. వాళ్లని మినహాయించడానికి చట్టబద్ధ ఆధారం లేదని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. సైన్యం జోకుకి నవ్వలేనివాడు బయటివాడైపోతాడు, అదీ దీని ఇబ్బంది. సుబ్బు గారూ, ముందు 'జీరో మోటివేషన్' చూడండి, సబ్‌టైటిల్స్‌తోనే సరిపోతుంది. 'గివత్ హల్ఫోన్' మాటల ఆట మీద నడుస్తుంది, దాన్ని తర్వాతకి పెట్టుకోండి.