కంప్యూటర్ పనివాళ్ల మెడనొప్పి: "మనసు నుంచి వస్తోంది" అంటే ఒప్పుకోవాలా?

ఒంగోలు అక్షరం

పద్దెనిమిదేళ్లుగా ఒంగోలులో డీటీపీ పని చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, కోర్టు కాగితాలు. మూడేళ్లుగా మెడకు కుడివైపున మొదలై భుజం మీదుగా మోచేయి దాకా ఒకటే సలుపు. సాయంత్రం నాలుగు దాటితే మౌసు మీద చెయ్యి రాయిలా బరువెక్కుతుంది. మూడు రకాల బిళ్లలు వాడాను, మెడకు పట్టీ వేసుకున్నాను, ఎమ్మారై తీయించుకున్నాను. మెడ పూసల మధ్య ఒకచోట డిస్కు కొంచెం ఉబ్బిందని రాశారు. ఆ కాగితం చదివిన రోజు నుంచి నీళ్ల బిందె ఎత్తడం మానేశాను. చెల్లెలి బిడ్డను చంకనెత్తుకోవడం కూడా మానేశాను.

పోయిన నెల నెల్లూరులో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఫిల్మును వెలుతురుకు పట్టి అరనిమిషం చూశారు. "డిస్కు వల్ల కాదమ్మా, ఇది మనసు నుంచి వస్తున్న నొప్పి. టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. బస్టాండులో కూర్చుని ఏడ్చాను. ఇంటికి వచ్చాక మావారు అత్తగారితో "ఏమీ లేదట, ఊరికే అనుకుంటోందట" అని చెప్పారు. ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదు. డాక్టరు మాట ఆయనకు అలాగే అర్థమైంది.

ఇక్కడ నేను దాచకూడని సంగతి ఒకటి ఉంది. ఫిబ్రవరిలో మా తమ్ముడి గృహప్రవేశానికి వెళ్లి మూడు రోజులు ఉన్నాను. గంగాళాలు తోమాను, రెండు వందల మందికి వడ్డించాను, నొప్పి గుర్తే రాలేదు. సోమవారం పొద్దున షాపు షట్టరు పైకి లేస్తున్న చప్పుడు వినగానే మెడ పట్టేసింది. అప్పటికి మౌసును ముట్టుకోనైనా లేదు.

అందుకే అడుగుతున్నాను. మాలాంటి వాళ్ల నొప్పిలో మనసు పాత్ర నిజంగా ఉందా, లేక కారణం దొరకనప్పుడు డాక్టర్లు చెప్పే మాటా?

నెల్లూరు ఇంటి నుంచి పని

అక్కా, ఉంది. నా నడుమే సాక్ష్యం. 2020లో ఆఫీసు మూసేసి ఇంటి నుంచి పని మొదలుపెట్టాక రెండేళ్లు నడుం నొప్పితో నరకం చూశాను. కుర్చీ మార్చాను, బల్ల మార్చాను, చివరికి నిలబడి పని చేశాను. ఏదీ పదిహేను రోజులకు మించి ఆదుకోలేదు. న్యూయార్క్‌లో జాన్ సార్నో అనే డాక్టరు ఉండేవారు, 2017లో పోయారు. నడుం నొప్పుల్లో చాలావాటికి అణచిపెట్టుకున్న కోపమూ భయమే మూలమని జీవితమంతా వాదించారు. ఆ వాదన విన్నాక నా నొప్పి ఎప్పుడెప్పుడు వస్తోందో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. సగానికి పైగా మేనేజరుతో మాట్లాడబోయే రోజులే.

ఇది నా ఒక్కడి అనుభవమే అనుకోవద్దు. అమెరికాలోని బౌల్డర్‌లో దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 151 మంది మీద చేసిన పరిశోధన 2021లో వెలువడింది. నొప్పి ప్రమాద సూచన కాదని మెదడుకు నేర్పే చికిత్స నాలుగు వారాలు తీసుకున్నవాళ్లలో 66 శాతం మందికి నొప్పి పోయింది, లేదా దాదాపు పోయింది. ఉత్త ఉప్పునీటి సూది వేయించుకున్నవాళ్లలో అది 20 శాతం, మామూలు వైద్యంతో ఉన్నవాళ్లలో 10 శాతం. మీ షట్టరు సంగతి చదవగానే నాకు అనుమానం లేకుండా పోయింది. చప్పుడుకు కండరం దెబ్బతినదు కదా!

సచివాలయం ఉద్యోగి

ఈ "మనసు" మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను గ్రామ సచివాలయంలో పని చేస్తాను. ప్లాస్టిక్ కుర్చీ, భోజనాల బల్ల ఎత్తున్న మేజా, దాని మీద కంప్యూటర్. సర్వర్ నిదానించిన రోజున ఎదురుగా ఇరవై మంది ముసలివాళ్లు వేలిముద్ర కోసం నిలబడి ఉంటారు. మెడ ముందుకు వంచి తెర వైపు చూస్తూ గంటలు గడుస్తాయి. ఆ మెడ నొప్పికి నా మనసు కారణమా? బల్ల ఎత్తు ఎవరు చూస్తారు? రెండో మనిషిని ఎవరు వేస్తారు? నొప్పి ఉద్యోగి మనసులో ఉందని తేల్చేస్తే, వీటికి ఇక ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు.

ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు 1713లోనే లెక్కలు రాసే గుమాస్తాల జబ్బుల గురించి రాశారు. మూడు కారణాలు చెప్పారు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరుగా కదలడం, లెక్కలో తప్పు దొర్లకుండా మనసును బిగబట్టి ఉంచడం. మూడోది మనసేగా అంటారు. ఆ బిగువు గుమాస్తాకు పుట్టుకతో వచ్చిందా? తప్పు పడితే నష్టం యజమానికి, మాట పడేది గుమాస్తా. మనసు మీద పడే భారం కూడా పని పెట్టిన భారమే అని నేనంటాను.

అక్కా, మూడు రోజులు మీ చెయ్యి మౌసుకు దూరంగా ఉంది, అందుకే నొప్పి లేదు. దీనికి మనసు దాకా వెళ్లాలా?

నెల్లూరు ఇంటి నుంచి పని

అన్నా, విశ్రాంతి వల్ల తగ్గిందే అనుకుందాం. మరి షట్టరు చప్పుడుకు ఎందుకు వచ్చింది? ఆస్ట్రేలియా సంగతి కూడా చూడండి. 1980ల మొదట్లో అక్కడ కీబోర్డు పనివాళ్లలో చేతి నొప్పి ఒక్కసారిగా పెరిగిపోయింది. 1984–85 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత పడిపోయింది. అదే కీబోర్డులు, అవే చేతులు. పైగా టెలిఫోను సంస్థలో అందరికంటే ఎక్కువ మీటలు నొక్కే టెలిగ్రాఫు ఉద్యోగుల్లో ఫిర్యాదులు తక్కువగా ఉన్నాయి.

సచివాలయం ఉద్యోగి

పడిపోయింది నొప్పా, ఫిర్యాదా? 1987లో అక్కడ పరిహారం కోసం కోర్టుకెక్కిన ఒక టైపిస్టు ఓడిపోయింది. ఆ తర్వాత నోరు తెరిచేది ఎవరు? నొప్పి ఉందని చెబితే మనసు జబ్బు ముద్ర పడుతుందని తెలిశాక నేనైనా నోరు మూసుకుంటాను. ఇప్పుడు మా కార్యాలయంలో జరుగుతున్నది అదే.

దర్శి రైతుబిడ్డ

నేను కంప్యూటర్ మనిషిని కాదు, అయినా చెప్పాలనిపించింది. మా ప్రాంతంలో నొప్పికి పెద్ద చరిత్ర ఉంది. 1930లలో దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఇదంతా నెల్లూరు జిల్లాగా ఉన్న రోజుల్లో, కొత్తగా కొనుక్కొచ్చిన ఎద్దులు కొన్నాళ్లకే కీళ్లు బిగిసి కాడి లాగలేకపోయేవి. ముందు గమనించింది రైతులే. మనుషులకూ అదే జబ్బని డాక్టర్లు 1937లో రాశారు. నీళ్లలో ఫ్లోరైడు. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట నమోదైంది ఈ నేలమీదే.

ఎద్దుకు టెన్షన్ ఏముంటుంది? నీళ్ల సంగతి తెలియనంత కాలం మా పెద్దవాళ్లలో ఎందరిని సోమరి అన్నారో, వాతం అన్నారో, గాలి సోకింది అన్నారో! కారణం కనబడకపోతే కారణమే లేదనుకోవడం ఇక్కడివాళ్లం చేయకూడని తప్పు. అమ్మా, మీది ఏ ఊరు? చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారు? ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడు పరీక్ష ఎవరైనా రాశారా?

కావలి ఫిజియో

రోజూ ఇలాంటి మెడలనే పట్టి చూస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఎమ్మారై సంగతి. నొప్పి లేనివాళ్ల నడుముకు స్కాన్ తీసిన 33 అధ్యయనాలను, 3,110 మందిని, 2015లో ఒకచోట చేర్చి చూశారు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి డిస్కు ఉబ్బు ఉంది, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి. అది నడుము లెక్క అయినా, మెడ స్కాన్లలోనూ నొప్పి లేనివాళ్లకు ఇలాంటి ఉబ్బులు కనబడుతూనే ఉంటాయి. కాబట్టి ఆ డాక్టరు మొదటి సగం సరిగానే చెప్పారు. ఆ ఉబ్బు ఒక్కదానికే భయపడి బిందె మానేయనక్కరలేదమ్మా. భయపడి కదలని మెడ ఇంకా బిగుస్తుంది. ఇది నేను వారానికి నలుగురిలో చూస్తాను.

రెండో సగం దగ్గరే నాకు కోపం. "మనసు" అనే మాట చాలా వదులుగా వాడుతున్నాం. 1983లో క్లిఫర్డ్ ఊల్ఫ్ ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, ఒకసారి దెబ్బ తగిలాక వెన్నుపాములోని నాడులే అతిగా స్పందించడం మొదలుపెడతాయని చూపారు. పాలు పొంగినప్పుడు కూత పెట్టాల్సిన పాత్ర, పొయ్యి అంటించగానే కూత పెట్టడం మొదలుపెట్టిందనుకోండి. పాత్ర అబద్ధం ఆడటం లేదు, దాని కొలత మారింది. నిద్ర లేకపోవడం, దిగులు, పని భయం ఆ కొలతను ఇంకా కిందికి దించుతాయి. షట్టరు చప్పుడుకు మెడ పట్టేయడం అలా జరగవచ్చు. ఆమె ఊహించుకున్నదని దాని అర్థం కాదు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనంలో కూడా నొప్పిని శరీర అనుభవమూ ఉద్వేగ అనుభవమూ అనే అన్నారు. మనిషి నొప్పి ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని పక్కనే రాశారు.

నెల్లూరు తమ్ముడూ, మీరు చెప్పిన బౌల్డర్ పరిశోధన మంచిదే, నేనూ చదివాను. అది నడుం నొప్పి మీద. నడుం కంటే కాలు నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. పైగా ఒక వైద్యుడు కూర్చుని వాళ్ల నొప్పి చరిత్ర అంతా అడిగి, ఆ తర్వాతే చికిత్స మొదలైంది. అరనిమిషం ఫిల్ము చూసి పంపేయడం వేరు.

అమ్మా, మీరు రాయని సంగతులు కొన్ని అడుగుతాను. చేతిలో తిమ్మిరి ఉందా? ఉంటే ఏ వేళ్లలో? రాత్రి నిద్రలో మెలకువ వస్తోందా? పట్టు తగ్గి గ్లాసు జారుతోందా? నడకలో తేడా, మూత్రం ఆపుకోలేకపోవడం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఇక్కడ జవాబు రాయకుండా ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఒంగోలు అక్షరం

చివర రాసినవి ఏవీ లేవు. తిమ్మిరి మాత్రం ఉంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. రాత్రి రెండింటికి లేచి చెయ్యి విదిలించుకుంటాను, కాసేపటికి తగ్గుతుంది. చిటికెన వేలికి ఎప్పుడూ రాలేదు. నన్ను ఇది ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, మెడ నొప్పిలో భాగమే అనుకున్నాను.

కావలి ఫిజియో

అది మణికట్టు దగ్గర నరం నలగడం కావచ్చు. మెడ నొప్పితో దానికి సంబంధం ఉండకపోవచ్చు. నరాల పరీక్ష చేయించుకోండి. షుగరు, థైరాయిడు కూడా చూపించుకోండి, వాటి వల్లా వస్తుంది. ఆలస్యమైతే బొటనవేలి కింది కండ కరిగిపోతుంది.

నెల్లూరు ఇంటి నుంచి పని

అక్కా, నేను తొందరపడ్డాను. అనుమానం లేదని రాసినందుకు మన్నించండి. పరీక్ష తప్పకుండా చేయించుకోండి. మెడ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

ఒంగోలు అక్షరం

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. నరాల పరీక్షలో కుడి మణికట్టు దగ్గర నరం నలుగుతోందని తేలింది. థైరాయిడు కూడా తక్కువగా ఉంది, మాత్ర మొదలుపెట్టారు. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుని పడుకుంటున్నాను. పది రోజులుగా రెండింటికి మెలకువ రావడం లేదు. కాబట్టి "అంతా మనసే" అన్న మాట నా చేతి విషయంలో తప్పు. ఆ మాట దగ్గరే ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే భయం వేస్తోంది.

మెడ సంగతి వేరు. సచివాలయం అన్న అన్నది నిజమో, నెల్లూరు తమ్ముడు అన్నది నిజమో తేల్చుకోవాలని ఒక పని చేశాను. ఒక ఆదివారం ఇంట్లో తమ్ముడి కంప్యూటర్ ముందు కూర్చుని, అమ్మ చెప్పే వంటల కొలతలు రెండున్నర గంటలు టైపు చేశాను. అవే షిఫ్టు మీటలు, అవే వత్తులు, కుర్చీ మా షాపు కుర్చీ కంటే అధ్వాన్నం. మెడ పట్టలేదు. మర్నాడు షాపులో ఒక శుభలేఖ ప్రూఫు, పెళ్లికూతురు ఇంటిపేరు పోయిన నెల తప్పు పడి మూడు వందల కార్డులు మళ్లీ కొట్టించిన వాళ్లదే. పావుగంటలో భుజం చెవి దాకా లేచి బిగుసుకుంది. ఈసారి గమనించాను, ఊపిరి బిగబట్టి ఉన్నాను. ఒక్కసారి చూసినంత మాత్రాన తేలిపోదని తెలుసు, కానీ నా కళ్లతో నేను చూసింది ఇది.

కాబట్టి మనసు పాత్ర ఉందని ఒప్పుకుంటున్నాను. ఆ కార్డుల ఖర్చు నా జీతంలో పట్టుకున్నారన్నది కూడా రాస్తున్నాను, సచివాలయం అన్న కోసం. ఇప్పుడు ప్రూఫు మీద కస్టమరు సంతకం తీసుకున్నాకే అచ్చుకు పంపాలని యజమానిని అడిగాను, ఒప్పుకున్నారు. బిందె ఎత్తుతున్నాను. మావారిని కూర్చోబెట్టి ఫిజియో గారు రాసింది మొత్తం చదివి వినిపించాను. "అలాగైతే ఆ డాక్టరు ఇలా చెప్పొచ్చుగా" అన్నారు.

దర్శి అన్నా, మీ ప్రశ్నకు జవాబు. ఇక్కడ సాగర్ కాలువ నీళ్లు తాగుతున్నాం. కానీ నా పుట్టిల్లు పొదిలి దగ్గర. పెళ్లయ్యేదాకా బోరు నీళ్లే. మా నాన్న పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పరు, ఒళ్లంతా తిప్పి చూస్తారు. పదేళ్లుగా వయసు అనుకుంటున్నాం. ఈ గురువారం ఆయన్ను ఒంగోలు తీసుకొస్తున్నాను, ముంజేతి ఎక్స్‌రేకి.