బేస్ క్లాస్‌లో ఫీల్డులు ప్రొటెక్టెడ్ పెట్టొచ్చా?

పాత_జావా: ఈమధ్య ఎవరి కోడ్ రివ్యూ చేసినా బేస్ క్లాస్‌లో (వేరే క్లాసులు, అంటే సబ్‌క్లాసులు, దీన్నుంచి పుడతాయి) ఫీల్డులన్నీ, అంటే డేటా దాచే వేరియబుల్స్ అన్నీ, ప్రొటెక్టెడ్, సబ్‌క్లాసులు నేరుగా ముట్టుకునేలా. అడిగితే "రేపు సబ్‌క్లాస్‌కి కావాల్సొస్తేనో" అంటున్నారు. ఫీల్డ్ ఎప్పుడూ ప్రైవేటే ఉండాలి, అంటే ఆ క్లాస్‌కి మాత్రమే అందాలి, కావాలంటే ప్రొటెక్టెడ్ మెథడ్ (ఫంక్షన్) ఇవ్వండి. అకౌంట్ క్లాస్‌లో బ్యాలెన్స్ ఉందనుకోండి. డబ్బు తీసే మెథడ్ కనీస నిల్వ చూస్తుంది, లాగ్ రాస్తుంది. సేవింగ్స్ సబ్‌క్లాస్ రాసినాయన ఆ మెథడ్ జోలికే పోకుండా నేరుగా బ్యాలెన్స్‌లోంచి ఛార్జీలు కోసేస్తే చెక్ లేదు, లాగ్ లేదు. ఇక అకౌంట్ క్లాస్ ఎంత జాగ్రత్తగా రాసి ఏం లాభం?

గోదావరి_డెవ్: జావా లైబ్రరీలోనే అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ క్లాస్‌లో, లిస్ట్ ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టే మోడ్‌కౌంట్ ప్రొటెక్టెడ్ ఫీల్డ్. లిస్ట్ మీద తిరుగుతుండగా ఎవరైనా మార్చారా అని ఇటరేటర్ (లిస్ట్‌ని ఒక్కొక్కటిగా చదివేది) దాన్నే చూస్తుంది. మరి వాళ్లకి తెలియదంటారా?

పాత_జావా: మోడ్‌కౌంట్‌ని ఎలా వాడాలో డాక్యుమెంటేషన్‌లో వివరంగా రాసి మరీ ఇచ్చారు. జావాలోనే వెక్టర్ అనే లిస్ట్ క్లాస్ చూడండి. మొదటి జావా, 1996. లోపల విలువలు దాచే అరేనే (array) ప్రొటెక్టెడ్‌గా వదిలేశారు, ఇప్పటికీ వెనక్కి తీసుకోలేరు. 1998లో అలాంటిదే అర్రేలిస్ట్ వచ్చేసరికి అలాంటి అరేని ప్యాకేజీ (ఒకచోట పెట్టిన క్లాసుల గుంపు) దాటనివ్వలేదు.

సిరి_క్యూఏ: ఇంకోటి. జావాలో ప్రొటెక్టెడ్ అంటే సబ్‌క్లాసులకే కాదు, అదే ప్యాకేజీలో ఉన్న ప్రతి క్లాస్‌కీ కనిపిస్తుంది. సీ++లో అలా కాదు.

గోదావరి_డెవ్: ప్యాకేజీ సంగతి ఇక్కడెవరూ అడగలేదండీ.

కంపైలర్‌బాబు: గెటర్ (ఫీల్డ్ విలువ తిరిగిచ్చే మెథడ్) పెడితే స్లో కాదా?

సిరి_క్యూఏ: కాదు. జిట్ (ప్రోగ్రాం నడుస్తుండగా పనిచేసే కంపైలర్) దాన్ని ఇన్‌లైన్ చేసేస్తుంది, అంటే ఆ కోడ్‌ని పిలిచిన చోటే పెట్టేస్తుంది.

పాత_జావా: సీ++ అన్నారు కాబట్టి చెప్తున్నా. ప్రొటెక్టెడ్ అక్కడ 1.2 రిలీజ్‌లో వచ్చింది, మార్క్ లింటన్ పట్టుబట్టి అడిగితే. ఓ ఐదేళ్లకి తన ఇంటర్‌వ్యూస్ అనే యూజర్ ఇంటర్‌ఫేస్ లైబ్రరీలో ప్రొటెక్టెడ్ డేటా వాడొద్దని నిషేధం పెట్టింది ఆ లింటనే, బగ్స్ వస్తున్నాయని. ఇది సీ++ సృష్టికర్త స్ట్రౌస్ట్రప్ స్వయంగా రాసిన సంగతి.

గోదావరి_డెవ్: చరిత్ర ఎన్నైనా చెప్తారు, పని మాత్రం మాలాంటివాళ్ల నెత్తిన పడుతుంది. నా పాత కంపెనీలో బేస్ క్లాస్ వేరే టీమ్‌ది. అన్నీ ప్రైవేట్. ఒక్క ఫీల్డ్ చదవడానికి టికెట్ పెడితే నెలల తరబడి ఉలుకూ పలుకూ లేదు. గతిలేక రిఫ్లెక్షన్‌తో (నడుస్తుండగా పేరు పట్టుకుని ప్రైవేట్ ఫీల్డ్‌ని కూడా చదివే పద్ధతి) చదివాం. వాళ్లు చెప్పాపెట్టకుండా ఫీల్డ్ పేరు మార్చారు, ప్రొడక్షన్ పడింది, తిట్లు మాకు. ప్రొటెక్టెడ్ అయ్యుంటే కంపైల్‌లోనే దొరికేది!

పాత_జావా: మళ్లీ కంపైల్ చేస్తేనే దొరికేది. జార్ (కంపైల్ చేసిన క్లాసుల ఫైల్) ఒక్కటే మార్చితే నడుస్తుండగానే "ఆ ఫీల్డ్ లేదు" అని ఎర్రర్ వస్తుంది. తలుపు తాళం పగలగొట్టి లోపలికెళ్లి, సామాను జరిపారని కోప్పడితే ఎలా?

గోదావరి_డెవ్: దొంగని చేశారా నన్ను? టికెట్ పెట్టి అడిగాకే కదా!

సిరి_క్యూఏ: అన్నా, మాటలు జాగ్రత్త. ఇద్దరూ వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు. పాత_జావా క్లాస్ రాసేవాడి భయం చెప్తున్నాడు, గోదావరి_డెవ్ దాన్ని మార్చే హక్కులేనివాడి ఇబ్బంది చెప్తున్నాడు.

పాత_జావా: దొంగ అనలేదు. కానీ అసలు వేరే టీమ్ క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేయడమే (దానికి సబ్‌క్లాస్ రాయడమే) తప్పంటాను. ఎక్స్‌టెండ్ చేయడానికని రాయని క్లాస్ ఫైనల్‌గా, అంటే ఎవరూ ఎక్స్‌టెండ్ చేయలేనట్టుగా, ఉండాలి. కాట్లిన్ భాషలో ఏమీ రాయకపోతే ఫైనలే. జావా 17లో సీల్డ్ క్లాసులు కూడా వచ్చాయి, ఎవరు ఎక్స్‌టెండ్ చేయొచ్చో పేరుపేరునా రాసుకోవచ్చు.

గోదావరి_డెవ్: నేను కాదంటున్నది సరిగ్గా అదే. నాకేం అవసరమొస్తుందో మీరు ముందే ఎలా తేలుస్తారు? ప్రొటెక్టెడా ప్రైవేటా అన్నది తర్వాత. మీ క్లాస్ మీద నాకు హక్కుందా లేదా, అదీ మన గొడవ.

పాత_జావా: లేదు. దానికి జవాబుదారీ నేను. అడగండి, మెథడ్ పెట్టిస్తాను.

గోదావరి_డెవ్: అడిగితే ఎన్ని రోజుల్లో ఇస్తారో ముందు రాసివ్వండి. అప్పుడు ఫైనల్ పెట్టుకోండి, నేను నోరెత్తను.