కయాక్ పట్టుకుని ఆగితే ట్రయాథ్లాన్ పూర్తి చేసినట్టేనా?

నిదానం:
అందరికీ నమస్తే. ఈమధ్యే మొదటిసారి స్ప్రింట్ ట్రయాథ్లాన్ చేశాను. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఈత చెరువులో. సగం దూరం పోయాక ఊపిరి అందలేదు. సేఫ్టీ కయాక్ (ఈతగాళ్ల భద్రత కోసం ఉంచే చిన్న పడవ) పట్టుకుని కాసేపు ఆగి, తేరుకున్నాక మిగతాదంతా బ్రెస్ట్‌స్ట్రోక్‌లో లాగించాను. సైకిల్ బాగానే సాగింది. దిగాక కాళ్లు మొద్దుబారిపోయి కొంత దూరం నడిచాను. కటాఫ్ (గడువు సమయం) లోపలే వచ్చాను, మెడల్ వేశారు. మా గ్రూప్‌లో ఒకాయన మాత్రం "కయాక్ పట్టుకున్నాక అదేం ఫినిష్, మెడల్ తిరిగి ఇచ్చెయ్" అన్నారు. సరదాకి అన్న మాట కాదు. మీరేమంటారు?

చైన్‌లూబ్:
కంగ్రాట్స్ బ్రో. మెడల్ మాత్రం ఇవ్వకు.

కొలనుగట్టు:
అభినందనలు. అడిగారు కాబట్టి చెప్తున్నాను, ఏమీ అనుకోవద్దు. ఆ పెద్దమనిషి మాటతీరు బాగాలేదు గానీ విషయం తప్పు కాదు. పరుగులో నడిచారంటే నాకే అభ్యంతరమూ లేదు. సైకిల్ దిగిన కాళ్లు ఎవరికైనా బరువుగానే ఉంటాయి, తొక్కిన వెంటనే పరుగెత్తే బ్రిక్ సెషన్లు కొన్ని చేస్తే అది తగ్గుతుంది. ఈత సంగతి వేరు. రోడ్డు మీద ఓపిక అయిపోతే పక్కన కూర్చోవచ్చు. నీళ్లలో కూర్చోవడానికి చోటేది? 750 మీటర్లు ఆగకుండా ఈదలేనివాళ్లు ఆ రోజు ఆ చెరువులో దిగకూడదు. మెడల్ సంగతి నాకు అనవసరం.

మూడోచక్రం:
రూల్ చదివి మాట్లాడదాం సార్. ఈ క్రీడని నడిపే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ ట్రయాథ్లాన్ నిబంధనల్లోనే ఉంది: బోయా (నీళ్లలో దారి చూపే తేలే గుర్తు) గానీ, ఆగి ఉన్న పడవ గానీ పట్టుకుని విశ్రాంతి తీసుకోవచ్చు. దాని సాయంతో ముందుకు వెళ్లకూడదు, అంతే. బ్రెస్ట్‌స్ట్రోక్ కూడా తప్పు కాదు, ఏ స్ట్రోక్ అయినా వేయొచ్చు. నిదానం గారు నియమం దాటలేదు, కటాఫ్ దాటలేదు. ఇంక చర్చ ఏముంది?

ఫినిష్ అంటే ఏమిటో నేర్పాలనుకునేవాళ్లు 1982లో హవాయి ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్‌లో జూలీ మాస్‌ని గుర్తు తెచ్చుకోవాలి. మొదటి స్థానంలో ఉండి, ఫినిష్ గీతకు కొద్ది దూరంలో పడిపోయి, ఇంకొకామె దాటిపోయాక కూడా పాకుతూ గీత చేరింది. ఆమెని ఎవరైనా "పాకావు కాబట్టి చెల్లదు" అన్నారా?

లెక్కలమాస్టారు:
ఒక ప్రశ్న. ఆ కయాక్ నిజంగా ఆగి ఉందా? చెరువైనా గాలికి కదులుతుంది. గాలి బోయా వైపు వీస్తుంటే ముందుకు వెళ్లినట్టే కదా.

చైన్‌లూబ్:
మాస్టారూ, గాలికి కూడా పెనాల్టీ వేస్తారా?

కొలనుగట్టు:
మూడోచక్రం గారూ, జూలీ మాస్ నా వాదనకే సాక్ష్యం. ఆమె పాకింది, కానీ తన మోకాళ్ల మీదే పాకింది, ఎవర్నీ పట్టుకోలేదు. సొంత ఒంటితో పూర్తి చేయడం అంటే అదీ. నేను రూల్ గురించి మాట్లాడటం లేదు. రూల్ అనుమతించిందంటే అది సరిపోయే సన్నద్ధత అని కాదు.

మూడోచక్రం:
అయితే 2016లో మెక్సికోలోని కోజుమెల్ ట్రయాథ్లాన్‌లో అలిస్టర్ బ్రౌన్లీ తన తమ్ముడు జానీని భుజం పట్టి చివరిదాకా లాక్కొచ్చి గీత మీదకి నెట్టాడు. జానీకి రెండో స్థానం అలాగే ఉంది. ప్రపంచ స్థాయి అథ్లెట్‌కి భుజం ఇస్తే కన్నీళ్లు పెట్టుకుంటారు, మొదటిసారి వచ్చినవాడు ప్లాస్టిక్ పడవ అంచు పట్టుకుంటే మాత్రం మెడల్ వెనక్కి ఇమ్మంటారు.

లెక్కలమాస్టారు:
ఆ భుజం ముందుకు కదిలింది. కయాక్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కొలనుగట్టు:
మళ్లీ మెడల్ దగ్గరికే వచ్చారు. నేను మెడల్ మాటే ఎత్తలేదు. చెరువులో దిగడం గురించి అడుగుతున్నాను. మీరు కావాలని వేరే ప్రశ్నకి జవాబు చెప్తున్నారు.

మూడోచక్రం:
కావాలనే చెప్తున్నాను, ఎందుకంటే "నువ్వు రెడీగా లేవు" అనే మాట నాకు కొత్త కాదు. నేను ఈత నేర్చుకున్న క్లబ్‌లో కోచ్ ఒకాయన ప్రతి సీజన్‌లోనూ "ఈసారికి వద్దమ్మా, వచ్చేసారి చూద్దాం" అనేవారు. లేన్లన్నీ స్పీడుగా ఈదే కుర్రాళ్లకి, మాకు మిగిలింది గోడవారగా సగం లేన్. నా టైమింగ్ ఏనాడూ రాసుకోలేదు ఆయన. టైమింగే చూడకుండా రెడీగా లేనని ఎలా తెలిసింది? చివరికి ఎవర్నీ అడక్కుండా పేరిచ్చి, బ్రెస్ట్‌స్ట్రోక్‌తోనే పూర్తి చేశాను. మీలాంటి వాళ్ల మాట వింటూ కూర్చుంటే ఇప్పటికీ గోడవారే ఉండేదాన్ని.

కొలనుగట్టు:
మీ కోచ్ మీద కోపం నా మీద తీర్చుకోవద్దు మేడమ్. నేను మీ కోచ్‌ని కాదు.

చైన్‌లూబ్:
పాప్‌కార్న్ మోడ్.

లెక్కలమాస్టారు:
కయాక్ విషయం పోనీండి. నిదానం గారూ, ఆగే ముందు చెయ్యి పైకెత్తారా? ఎందుకు అడుగుతున్నానంటే, వరల్డ్ ట్రయాథ్లాన్ నిబంధన ప్రకారం చెయ్యెత్తి సాయం అడిగాక, అధికారికంగా సాయం అందితే రేసు నుంచి తప్పుకోవాలి. ఊరికే పట్టుకుని ఆగడం వేరు, సాయం తీసుకోవడం వేరు. ఇక్కడ అసలు తేడా అదే.

నిదానం:
ఎత్తలేదండి. చెయ్యెత్తితే రేసులోంచి తీసేస్తారని మా గ్రూప్‌లో అందరూ చెప్పారు. అందుకే కయాక్ కొంచెం దూరంగా ఉన్నా, నీళ్లు మింగుతూనే ఎలాగోలా దాని దాకా ఈదాను.

మూడోచక్రం:
చూశారా! ఇదీ మీ "సొంత ఒంటితో" సిద్ధాంతం ఫలితం. మునిగిపోతున్న మనిషి చెయ్యెత్తడానికి భయపడ్డాడు, ఫినిషర్ అనిపించుకోనేమోనని. జరగరానిది జరిగితే మీ గ్రూపుల వాళ్లు పూలదండ తెస్తారా?

కొలనుగట్టు:
మాట జాగ్రత్త మేడమ్. పూలదండల గురించి నాకు చెప్పకండి. ఇక్కడ ఎంతమంది ఆ కయాక్‌లో కూర్చున్నారో నాకు తెలీదు. నేను కూర్చున్నాను.

ఒక రేసులో బీచ్ స్టార్ట్, అంటే ఒడ్డు మీంచి నీళ్లలోకి దిగడం, కొత్తవాళ్లు ఎక్కువ. మొదటి బోయా చేరకముందే నా కయాక్ ముక్కు పట్టుకుని ముగ్గురు వేలాడుతున్నారు. అవతల బోయా పక్కన ఒక చెయ్యి లేచింది. ముగ్గురినీ విదిలించుకుని వెళ్లలేను, వాళ్లతో సహా తెడ్డు వేయలేను. విజిల్ ఊదుతూ కూర్చున్నాను. వేరే బోటు వెళ్లింది, ఆ మనిషి బతికాడు. సాయంత్రం నిర్వాహకులు మైకులో చెప్పింది ఎంతమంది ఫినిష్ చేశారన్న లెక్క ఒక్కటే. నీళ్లలో ఎన్ని కయాక్‌లు ఉన్నాయని ఒక్కరూ అడగలేదు.

ట్రయాథ్లాన్ మరణాల్లో ఎక్కువ భాగం ఈతలోనే జరుగుతాయి. ఆ సంగతి తెలిసి, పూల్‌లో రెండు గోడల మధ్య ఆగి ఆగి ఈదినవాడు "కయాక్ ఉందిగా" అనుకుంటూ దిగితే నాకు కోపం వస్తుంది. కయాక్ ఒకటే, పట్టుకునేవాళ్లు పదిమంది.

సాయంకాలపరుగు:
ఇన్నాళ్లూ ఇక్కడ చదువుతున్నాను, ఈ కోణం ఎవరూ చెప్పలేదు.

మూడోచక్రం:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కానీ మీరు చెప్పినదాన్నిబట్టి తప్పు కయాక్‌లు తక్కువ పెట్టినవాళ్లది, నిదానం గారిది కాదు. ఇంకో మాట. ఈతలో పోయినవాళ్లలో బాగా ఈదేవాళ్లు, ఎన్నో రేసులు చేసినవాళ్లు కూడా ఉన్నారు. చాలామందిలో గుండె లోపాలు పోస్ట్‌మార్టంలో బయటపడ్డాయి. మీ 750 మీటర్ల పరీక్ష వాళ్లందర్నీ పాస్ చేసేది.

కొలనుగట్టు:
పాస్ చేసేది, నిజమే. అందుకే వాళ్ల దగ్గరికి వెళ్లడానికి ఒక కయాక్ ఖాళీగా ఉండాలి అంటున్నాను.

నిదానం గారూ, పనికొచ్చేవి కొన్ని చెప్తాను. మీకు ఊపిరి ఆడకపోవడానికి కారణం ఫిట్‌నెస్ కాకపోవచ్చు. హారన్ మోగగానే గుంపులో పడి మొదటి నిమిషాల్లో స్పీడ్ తీసి ఉంటారు. చల్లటి నీళ్లు ఒంటికి తగలగానే శ్వాస దానంతటదే వేగం అవుతుంది. తల నీళ్లలో ఉన్నంతసేపూ గాలి బిగబట్టకుండా వదులుతూ ఉండాలి. వెనకవరసలో, ఒక పక్కగా నిలబడి, గుంపు వెళ్లాక దిగండి. వీలిస్తే రేసుకి ముందే నీళ్లలో దిగి ముఖం తడిపి కాసేపు ఈదండి. గాభరా వస్తే వెల్లకిలా తేలుతూ శ్వాస కుదుటపడనివ్వండి. అప్పటికీ కుదరకపోతే చెయ్యెత్తండి. రేసు పోతే పోనీండి.

నిదానం:
వెల్లకిలా తేలడం పూల్‌లో కూడా ఎవరూ నేర్పలేదండి. కచ్చితంగా నేర్చుకుంటాను.

మూడోచక్రం:
ఈ పోస్ట్‌కి ఒక్క అక్షరం కూడా ఎదురు చెప్పను. మొదటి పోస్ట్ బదులు ఇదే రాయాల్సింది.

కొలనుగట్టు:
కానీ పరీక్ష ఉండాలన్న మాట మీద నేను మారలేదు. రేసుకి ముందురోజు అదే చెరువులో ఈదించి చూడాలి. పూర్తి చేయలేనివాళ్లని ఆపాలి.

మూడోచక్రం:
ఈదించి చూడండి, ఎలా ఉందో ముఖం మీదే చెప్పండి. ఆపే అధికారం మాత్రం ఎవరి చేతికి ఇస్తారు? మళ్లీ మా కోచ్ లాంటాయన చేతికేనా?

కొలనుగట్టు:
కయాక్‌లో కూర్చోబోయేవాళ్ల చేతికి.

చైన్‌లూబ్:
వాళ్లు ఒక పూట వచ్చే వాలంటీర్లు అన్నా. సగంమందికి ఈత కూడా రాదు, లైఫ్ జాకెట్ వేసుకుని కూర్చుంటారు.

కొలనుగట్టు:
అదే ఇంకా పెద్ద సమస్య.

మూడోచక్రం:
దాని మీద వేరే థ్రెడ్ తెరవండి సార్. అక్కడ నేను మీ పక్షం. పరీక్ష దగ్గర మాత్రం కాదు.