అమ్మ వాళ్లింట్లో కేబుల్ పీకించేయొచ్చా?

తెనాలి_కుర్రాడు:
నేనుండేది హైదరాబాద్‌లో. ఇక్కడ సెట్‌టాప్ బాక్స్ అటకెక్కి మూడేళ్లయింది. తెనాలిలో అమ్మానాన్నలకి మాత్రం కేబుల్‌కి నెలకి 350, నెట్‌కి మళ్లీ వేరే. రెండూ నేనే కడుతున్నా. స్మార్ట్ టీవీ కూడా కొనిచ్చాను కదా, కేబుల్ ఆపేద్దామంటే అమ్మ ససేమిరా అంటోంది. మీ ఇళ్లల్లో ఏం చేశారు?

రిమోట్_రాజా:
పీకేయండి బ్రో, ఇందులో ఆలోచించడానికేముంది? 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ (టీవీ ఛార్జీల రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) కొత్త రేట్లు వచ్చినప్పుడు చూసే ఛానల్‌కే డబ్బులన్నారు. తీరా చూస్తే పే ఛానల్ ఒక్కటీ తీసుకోకముందే నెట్‌వర్క్ ఛార్జీ 130, జీఎస్టీతో 153. మా బిల్లు తగ్గకపోగా పెరిగింది. ఆ నెలే మానేశాం. మేమొక్కళ్లమే కాదు, 2020 చివర్లో డీటీహెచ్‌కి డబ్బు కట్టేవాళ్లు 7 కోట్ల దాకా ఉంటే 2024 మధ్యకి 6.2 కోట్లకి దిగారు.

కరీంనగర్_పటేల్:
వాళ్లంతా ఓటీటీకే పోయిన్రనుకుంటున్నవా తమ్మీ? డీడీ ఫ్రీ డిష్‌కు పోయినోళ్లు లేరా? గొడుగు ఒక్కసారి కొంటే నెల నెల కట్టుడు లేదు. కాకపోతే అండ్ల ఎక్కువ హిందీ ఛానళ్లే, మా అమ్మకైతే నడవది.

గొడుగు_మాస్టారు:
22 ఏళ్లుగా కేబుల్ నడుపుతున్నానండీ, కాబట్టి నా మాట ఒక పక్షం మాటే అనుకోండి. మీరు కేబుల్ మానేసి నెట్ పెట్టించుకుంటే, మా వీధుల్లో ఆ నెట్ వైరు లాగేదీ మేమే. 2017లో ఏపీ ఫైబర్‌నెట్ 149కే నెట్, టీవీ, ఫోన్ అంటూ వచ్చినప్పుడు ఇళ్లల్లో పెట్టెలు పెట్టింది కూడా మా లాంటి ఆపరేటర్లే. ఇప్పుడు టీవీ మీద మిగిలేది తక్కువ, నెట్ మీదే బండి లాగుతున్నాం.

ఇక సీరియళ్ల సంగతి. స్టార్ మావి జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. అమ్మగారు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఎన్ని ఛానళ్లు తిప్పుతారో ఓసారి పక్కన కూర్చుని చూసి, అప్పుడు లెక్కేయండి.

రిమోట్_రాజా:
మాస్టారూ, నాలుగూ ఎందుకు? రెండు తీసుకుంటే చాలు. డబ్బు కట్టినవాళ్లకి రాత్రి టీవీలో రావాల్సిన ఎపిసోడ్ పొద్దున్నే వచ్చేస్తోంది కూడా. ఏ అమ్మ కాదంటుంది? వార్తలా, యూట్యూబ్‌లో ఊరికే వస్తాయి. ఎస్వీబీసీ కూడా అంతే.

విశాఖ_కోడలు:
మా అత్తగారు కాదన్నారండీ. "కథ నాకు ముందే తెలిసిపోతే రాత్రికి పక్కింటి వరలక్ష్మితో కలిసి చూసేదేముంది?" అన్నారు.

మేం నిరుడు కేబుల్ తీయించాం. టీవీ పెట్టగానే ఎవరు చూస్తున్నారంటూ నాలుగు బొమ్మలొస్తాయి కదా, ఆవిడ మా చిన్నాడి బొమ్మ నొక్కేవారు. ఇక అన్నీ కార్టూన్లే. ఓ రోజు లాగౌటైపోయింది. ఓటీపీ వెళ్లేది మా ఆయన ఫోన్‌కి, ఆయనేమో మీటింగులో. బయటికొచ్చి నంబర్ చెప్పేసరికి దాని గడువు అయిపోయింది. మళ్లీ పంపిస్తే ఈవిడకి కళ్లజోడు దొరకలేదు. రెండు నెలలకి కేబుల్ మళ్లీ పెట్టించాం. పాత బాక్సు పారేసినందుకు కొత్త బాక్సు ఖర్చు అదనం.

నెల్లూరు_నాని:
ఓటీటీ చవక అనేవాళ్లకి ఒక్క మాట. 2023లో ఐపీఎల్ జియోసినిమాలో ఫ్రీ అని మా నాన్న డిష్ ఆపేశారు. 2025లో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి, ఫ్రీ ముచ్చట ముగిసింది. అదే ఏడాది జూన్ నుంచి ప్రైమ్‌లో చందా కట్టినా ప్రకటనలు. అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699 అన్నారు. కేబుల్‌వాళ్లు పదేళ్లలో నేర్చుకున్నది వీళ్లు రెండేళ్లలో నేర్చేసుకున్నారు.

తెనాలి_కుర్రాడు:
మాస్టారు చెప్పినట్టు అమ్మకి ఫోన్ చేసి అడిగా. మూడు ఛానళ్లంట. మధ్యలో ప్రకటనలొస్తే నాలుగోది. నంబర్లన్నీ నోటికే చెప్పింది, నా ఫోన్ నంబర్ మాత్రం ఇప్పటికీ డైరీ చూసే చెప్తుంది. కేబుల్ ఉంచేస్తున్నా. హిందీ, స్పోర్ట్స్ ప్యాకులు తీయిస్తే వందైనా తగ్గుతుందేమో కనుక్కుంటా.

గొడుగు_మాస్టారు:
హిందీ తీయించండి. స్పోర్ట్స్ జోలికి వెళ్లేముందు మీ నాన్నగారినీ ఓ మాట అడగండి బాబూ.