బీట్‌రూట్ ఉడికించిన ఎర్ర నీళ్లు పారబోస్తే మంచిదంతా పోయినట్టేనా?

ప్రశ్న (పోపులడబ్బా): బీట్‌రూట్ ముక్కలు కోసి కుక్కర్‌లో రెండు విజిల్స్ రానిచ్చి, నీళ్లు వంపేసి, పోపులో వేస్తాను. ఆ నీళ్లు సింకులో పోస్తుంటే మా ఆడపడుచు లబోదిబోమంటుంది, యాంటీఆక్సిడెంట్లన్నీ ఆ ఎరుపులోనే ఉంటాయట. నిజమేనా? నేరేడు పండులో ఉండే రంగూ ఇదీ ఒకటేనా?

పెరటితోట: ఒకటి కాదండీ. నేరేడు పండుకీ వంకాయ తొక్కకీ రంగు ఆంథోసయనిన్ల వల్ల వస్తుంది. బీట్‌రూట్‌వి బీటలైన్లు, ఈ రెండూ ఒకే మొక్కలో కలిసి ఉండవు. బచ్చలి పళ్లు నలిపితే వేళ్లకి అంటుకునే రంగు, ఎర్ర తోటకూర, కాగితం పూలు, డ్రాగన్ ఫ్రూట్, అన్నీ బీటలైన్లే. బీట్‌రూట్ ఎరుపులో ముఖ్యమైనది బీటానిన్, ఫ్రీ రాడికల్‌కి (ఒంట్లో కణాలను దెబ్బతీసే చురుకైన అణువుకి) ఎలక్ట్రాన్ ఇచ్చి దాన్ని చల్లారుస్తుంది, యాంటీఆక్సిడెంట్ అంటే ఇదే. నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి మీ ఆడపడుచు అన్నది చాలావరకు నిజమే. తొక్క తీయకుండా, తోక కోయకుండా దుంప దుంపంతా ఉడకబెట్టి తర్వాత తొక్క ఒలవండి, లేదా తురిమి మూతపెట్టి మగ్గించండి. మరీ ఎక్కువ ఉడికితే రంగు మట్టిలా మారుతుంది, కాస్త నిమ్మరసం పిండితే నిలుస్తుంది.

చెకుముకి: రంగు మీద మరీ ఆశ పెట్టుకోకండి. పరీక్షనాళికలో బీటానిన్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది గానీ, మనం తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది చాలా కొంచెం. బీట్‌రూట్ రసంతో బీపీ కాస్త తగ్గుతుందనేది వేరే కథ, అది దుంపలో ఉండే నైట్రేట్లనే లవణాల వల్ల. అవీ నీళ్లలోకే దిగుతాయి. ఆ నీళ్లతో చపాతీ పిండి కలిపితే సరి, పిల్లలు రంగు చూసి మారు మాట్లాడకుండా తింటారు.

రాత్రిబండి: మొదటిసారి జ్యూస్ తాగిన మర్నాడు బాత్రూంలో ఎరుపు చూసి టెన్షన్‌తో డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన అడిగిన మొదటి మాట, "నిన్న బీట్‌రూట్ తిన్నావా?" కొందరికి అలాగే వస్తుందట. అయితే బీట్‌రూట్ తినకుండానే అలా కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

చెకుముకి: మర్చిపోయాను, ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లుంటే నీళ్లు వంపేయడమే నయం. బీట్‌రూట్‌లో ఉండే ఆక్సలేట్ కొంత ఆ నీళ్లతోనే పోతుంది.

పోపులడబ్బా: అయ్యో, మా ఆయనకి పోయినేడు తీసినవి అవే! ఆయన ముక్కలు వంపేస్తా, మాకు తురుము మగ్గిస్తా. గిన్నెలు తోమే వంతు ఇక ఆడపడుచుదే.