హోమ్ అలోన్‌లో బజ్ పెట్టెలో ఉన్నవి ఏ ఏడాది బేస్‌బాల్ కార్డులు?

ఫ్రిస్కో_ఫణి
అందరికీ నమస్కారం. ప్రతి డిసెంబర్లాగే మావాడు హోమ్ అలోన్ పెట్టించాడు. కెవిన్ వాళ్ళన్న బజ్ గదిలో దూరి పెట్టె తెరిచి సామానంతా కెలుకుతాడు కదా, సరిగ్గా అక్కడ మావాడు "నాన్నా ఆపు ఆపు, అవి నీ కార్డులే" అని అరిచాడు. నీ కార్డులు అంటే, మొన్న వేసవిలో పక్క వీధిలో గరాజ్ సేల్‌లో నేను 40 డాలర్లకి కొన్న షూ బాక్స్. నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాం. గోధుమ రంగు అంచు ఉన్నట్టే అనిపిస్తోంది, ఆపితే మసక. నా బాక్స్‌లో పైనున్నవి కూడా చెక్క గీతల అంచువే. ఇవి ఏ ఏడాదివి, వీటిని వింటేజ్ అనొచ్చా, తొమ్మిదేళ్ళ పిల్లాడికి గుర్తుపట్టడం ఎలా నేర్పాలి? నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదు, కాస్త చిన్నచూపు చూడకుండా చెప్పండి.

పాత_అట్టలు
చెక్క అంచు అంటే 1987లో టాప్స్ కంపెనీ అచ్చేసిన కార్డులు. ప్రశ్న అయిపోయింది. 792 కార్డుల సెట్, అప్పట్లో ఎన్ని అచ్చేశారో లెక్కే లేదు, అమెరికాలో ప్రతి మూడో ఇంటి అటక మీద ఓ డబ్బా ఉంటుంది. 40 డాలర్లు ఎక్కువే పెట్టావు తమ్ముడూ.

ఎడిసన్_అత్తయ్య
40 డాలర్లే కదా. మా ఇంట్లో ఒకాయన 2020లో లాక్‌డౌన్ టైంలో 80ల నాటి సీల్డ్ బాక్సులు పదకొండు కొన్నారు, "ఇవి పిల్లల కాలేజీ ఫీజు" అని. ఇప్పుడు వాటి మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్నాం. పెద్దమ్మాయి కాలేజీకి వెళ్ళింది, ఫీజు మామూలుగానే కట్టాం. ఫణి గారూ, మీ ఆవిడకి నా సానుభూతి.

కృష్ణాతీరం
@పాత_అట్టలు అన్నా, అంత తొందరెందుకు? చెక్క అంచు 1987కి ఒక్కదానికే ఉందా? 1962 టాప్స్‌కీ చెక్క అంచే. మసక తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మా బాస్ వాళ్ళ నాన్నగారి ఆల్బమ్ నా చేతులతో తిప్పాను, 1962 సెట్ 598 కార్డులు, మొదటి నంబరే రోజర్ మారిస్, ముందు ఏడాది 61 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడని ఆయన్ని ఒకటో నంబర్లో పెట్టారు. ఫణి గారి బాక్స్ చూడకుండా 87 అని తీర్పు చెప్పేయడం ఏం పద్ధతి?

పాత_అట్టలు
ఇరవై రెండేళ్ళుగా కార్డులు పోగేస్తున్నాను బాబూ. 62 ఉందని నాకు తెలియదనుకున్నావా? సినిమా తీసింది 1990 మొదట్లో. బజ్‌కి పదిహేనేళ్ళు ఉంటాయి. వాడి పెట్టెలో 28 ఏళ్ళ నాటి కార్డులు ఎందుకుంటాయి? వాడి వయసు కుర్రాళ్ళందరి దగ్గరా ఉన్నది 87. షికాగో కుర్రాడు కాబట్టి వాళ్ళ ఊరి జట్టు కబ్స్ కార్డులు పోగేసి ఉంటాడు, అందులో గ్రెగ్ మ్యాడక్స్ రూకీ కార్డు, అంటే ఆటగాడిగా తొలి కార్డు, కూడా ఉండొచ్చు, 87 టాప్స్‌లోదే అది.

షికాగో_చిట్టి
😄😄 ఇరవై రెండేళ్ళు పోగేసిన వారికి ఒక చిన్న సవరణ. 1987 టాప్స్ 792 కార్డుల మామూలు సెట్లో మ్యాడక్స్ లేడు. ఆ ఏడాది అతని కార్డులు టాప్స్ ట్రేడెడ్ అనే విడి సెట్లో 70T, పోటీ కంపెనీ డాన్‌రస్‌లో 36వ నంబరు. డాన్‌రస్‌ది చెక్క అంచు కాదు, నల్ల అంచు. ప్యాకెట్లు చింపి మ్యాడక్స్ కోసం వెతికితే టాప్స్‌లో ఎప్పటికీ దొరకడు. నేను అలా ఏడు వారాలు వెతికాను, తెలిసే చెబుతున్నా.

పాత_అట్టలు
ట్రేడెడ్ కూడా 87 టాప్సే కదా. అదే డిజైన్, అదే చెక్క అంచు. అక్షరం పట్టుకుని వేలాడితే ఏం చెప్పగలం.

షికాగో_చిట్టి
ట్రేడెడ్ ప్యాకెట్లలో రాలేదు సార్, డబ్బా సెట్టుగా డీలర్ల దగ్గర అమ్మారు. కుర్రాడు పాకెట్ మనీతో కొట్లో కొన్న ప్యాకెట్‌లో అది రాదు. మీరే "బజ్ వయసు కుర్రాళ్ళ దగ్గర ఉన్నది" అన్నారు కాబట్టి అడుగుతున్నా.

ఒక్కడే_వచ్చాడు
సినిమాలో అసలు కార్డులు ఉన్నాయంటారా? నేను ఈ సినిమా పదిహేనుసార్లు చూశాను, నాకు గుర్తున్నది టపాకాయలు, "ఇవి తర్వాతకి దాచుకుంటా" అనడం, ఆ పత్రిక, ఆ అమ్మాయి ఫోటో చూసి వెక్కిరించడం. మీకు కనిపించిన గోధుమ రంగు పెట్టె చెక్కే అయ్యుంటుంది. కళ్ళు కోరుకున్నది కళ్ళకి కనిపిస్తుంది.

ఫ్రిస్కో_ఫణి
అన్నా, మా వాడి కళ్ళు ఆరు బై ఆరు. గుండ్రని లోగో కూడా చూశానంటున్నాడు. నాకైతే ఏమీ కనిపించలేదు, వాడి ముందు ఒప్పుకోలేను.

కృష్ణాతీరం
గుండ్రని లోగో! అది చెప్పండి ముందు. పిల్లాడే తేల్చేశాడు. 87లో పై ఎడమ మూల టీమ్ లోగో గుండ్రంగా ఉంటుంది, కింద కుడివైపు రంగు డబ్బాలో పేరు ఉంటుంది. 62లో లోగో ఉండదు, ఫోటో కింది కుడి మూల కాగితం మడత విప్పినట్టు వంపు తిరిగి, ఆ వంపు కింద పేరు, టీమ్ కనిపిస్తాయి. తొమ్మిదేళ్ళ వాడికి ఇంతే నేర్పండి: మూల మడత ఉంటే తాతయ్యది, లోగో ఉంటే నాన్నది. నేను 62 అనలేదు, 62 కూడా కావొచ్చు అన్నాను, దయచేసి మార్చి చదవకండి.

పాత_అట్టలు
అంటే 87 అని ఒప్పుకున్నట్టే.

కృష్ణాతీరం
సినిమాలోది నేనేమీ ఒప్పుకోలేదు. మీరు చూసుకోండి మీ 22 ఏళ్ళు.

దేవరకొండ_డేటా
మీరిద్దరూ వెళ్ళి టీ తాగండి. ఒక టెక్నికల్ విషయం. థియేటర్ సినిమాకి, పాత వీహెచ్ఎస్ టేపుకి ఫ్రేము ఒకటి కాదు. టేపు చతురస్రానికి దగ్గరగా ఉండే 4:3లో వచ్చేది, ఇప్పటి వెడల్పు ఫ్రేములో కనిపించేవి కొన్ని అక్కడ లేకపోవచ్చు, అక్కడ పైన కిందా కనిపించేవి ఇక్కడ ఉండకపోవచ్చు. కాబట్టి ఒకరు చూశానంటే, ఇంకొకరు లేదంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ఇక స్ట్రీమింగ్‌లో నెట్ నెమ్మదించినప్పుడు బొమ్మ కుదించి పంపుతారు, మొదట పోయేది అచ్చు అక్షరాలే, గీతలే. చెక్క గీత చూశాననేవారు ఏ కాపీలో చూశారో చెప్పకుండా వాదిస్తే తెల్లవారుతుంది.

ఎడిసన్_అత్తయ్య
ఆ ఇల్లు ఇలినాయ్‌లో విన్నెట్కాలో నిజంగానే ఉంది, బయట నుంచి ఫోటో తీసుకోవడానికి మేమూ వెళ్ళాం. లోపలి సీన్లు మాత్రం చాలావరకు ఒక స్కూల్ జిమ్‌లో సెట్ వేసి తీశారట. అంటే బజ్ గది ఎవరి గదీ కాదు, సామాన్ల వాళ్ళు తెచ్చి పెట్టిన వస్తువులు. వాళ్ళు చౌకగా దొరికినవి తెచ్చి ఉంటారు కదా? ఇస్త్రీ బట్టల కింద ఉన్నవే తెచ్చి ఉంటారు.

మౌనపాఠకుడు
సినిమా మధ్యలో కెవిన్ వీడియోలో చూసే ఆ నలుపు తెలుపు గ్యాంగ్‌స్టర్ సినిమా ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పగలరా? ఎంత వెతికినా దొరకలేదు.

షికాగో_చిట్టి
దొరకదండీ, అది నిజం సినిమా కాదు, ఈ సినిమా కోసమే తీసిన ముక్క. మీరొక్కరే కాదు, సగం ప్రపంచం వెతికింది.

పాత_అట్టలు
వింటేజ్ అన్న ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. చాలామంది 1980 ముందువాటినే వింటేజ్ అంటారు. 1981 దాకా టాప్స్‌దే గుత్తాధిపత్యం, కోర్టు తీర్పు తర్వాత ఆ ఏడాది ఫ్లీర్, డాన్‌రస్ కూడా దిగాయి, 1989లో అప్పర్ డెక్ వచ్చింది, నలుగురూ పోటీపడి అచ్చేసి అచ్చేసి మార్కెట్‌ని ముంచారు. 80ల చివర, 90ల మొదటి కార్డుల్ని జంక్ వ్యాక్స్ (మైనపు కాగితం ప్యాకెట్ల చెత్త) అనేది అందుకే. ఫణీ, నీ దగ్గరున్నవి వింటేజ్ కాదు, పాతవి. పాతవన్నీ వింటేజ్ కావు. మా అత్తగారి మిక్సీ కూడా పాతదే.

కృష్ణాతీరం
ఇదొక్కటి మాత్రం ఒప్పుకుంటాను.

తాడేపల్లి_రాజా
లెక్కంతా ఎన్ని మిగిలాయన్న దానిమీదే ఉందండీ. 1952 టాప్స్‌లో ఆలస్యంగా వచ్చిన కార్డులు అమ్ముడుపోక గోడౌన్‌లో పడి ఉంటే, 1960లో వాటిని బార్జ్‌లో తీసుకెళ్ళి అట్లాంటిక్‌లో పారబోశామని టాప్స్‌లో పనిచేసిన సై బెర్గర్ చాలాసార్లు చెప్పాడు. ఆ సెట్‌లోని మికీ మాంటిల్, 311వ నంబరు కార్డు, ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకి పోయింది. సముద్రంలో కలిసినవాటి వల్లే మిగిలినవాటికి ఆ ధర. 87 వాళ్ళు ఎవరూ సముద్రంలో వేయలేదు, అదే వాటి పాపం. అత్తయ్య గారూ, మీ పదకొండు బాక్సుల్లో పది బీచ్‌కి తీసుకెళ్తే..

ఎడిసన్_అత్తయ్య
ఆయనకి ఈ పోస్టు చూపించాను. మాట్లాడటం మానేశారు.

ఒక్కడే_వచ్చాడు
మీరు డబ్బు గురించే మాట్లాడతారు. నేను రెండేళ్ళ కింద ఒక కార్డుని గ్రేడింగ్‌కి, అంటే కార్డు స్థితి చూసి పదికి మార్కులు వేసే కంపెనీకి పంపాను, పేరు చెప్పను, ఐదు నెలలు ఉంచుకుని మూలలు అరిగాయని 4 ఇచ్చి పంపారు, నా ఇంట్లో ఉన్నప్పుడు దానికి మూలలు కత్తిలా ఉన్నాయి. పంపేముందు ఫోటోలు తీసుకోలేదు, నా బుద్ధి. ఫణి గారూ, ఏం చేసినా ముందు ఫోటో తీసుకోండి.

దేవరకొండ_డేటా
ప్యాకెట్లో చివరి కార్డుకి గమ్ అంటుకున్న మరక ఉంటే అదీ చూసుకోండి. 1991 దాకా టాప్స్ ప్యాకెట్లో గులాబీ రంగు గమ్ ముక్క వచ్చేది, 1992 నుంచి మానేశారు. ఆ గమ్ తిన్న మావాడు ఒకడున్నాడు, ముప్పై ఏళ్ళ నాటి గమ్, సరదాకి. దాని గురించి ఇంకో చర్చ పెట్టాలి.

షికాగో_చిట్టి
వద్దు.

కృష్ణాతీరం
గమ్ అంటే గుర్తొచ్చింది. మనం వీటిని అమెరికా పిచ్చి అంటున్నాం గానీ, మన ఊళ్ళో బిగ్ ఫన్ గమ్ ప్యాకెట్లో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి గుర్తుందా? వెనక రన్లు, వికెట్లు ఉండేవి, కూడబెట్టి ఇస్తే ఫ్లిప్ బుక్ ఇచ్చేవాళ్ళు. వంద రన్లకని ఎన్ని రోజులు బడి ముందు కొట్లో నిలబడ్డానో. మా అమ్మ దసరాకి ఇల్లు దులిపి ఆ డబ్బా పాత పేపర్ల వాడికి వేసేసింది. ఆ రోజు నుంచి నాకు ఇంట్లో దులిపే రోజంటే టెన్షన్.

పాత_అట్టలు
మా ఇంట్లో కూడా సరిగ్గా ఇదే జరిగింది. నావి గోలీలతో పాటు పోయాయి.

తాడేపల్లి_రాజా
రెండు రన్ల కార్డులే వచ్చేవి నాకు. ఆరు రన్లది వచ్చిన వాడు క్లాసులో రాజు.

మౌనపాఠకుడు
నా ఫ్లిప్ బుక్ ఇప్పటికీ ఉంది. స్టేపుల్ తుప్పు పట్టింది, వేగంగా తిప్పితే బ్యాట్స్‌మన్ ఇంకా ఆడుతున్నాడు.

కృష్ణాతీరం
ఫోటో పెట్టండి ప్లీజ్. నిజంగా అడుగుతున్నా.

ఫ్రిస్కో_ఫణి
అందరికీ థాంక్స్, కొన్ని తిట్లకి కూడా. నిన్న రాత్రి బాక్స్ మొత్తం టేబుల్ మీద పోసి లెక్కపెట్టాం. 611 కార్డులు, అన్నిటికీ పైన ఎడమవైపు గుండ్రని లోగో, మూల మడత ఒక్కదానికీ లేదు. అంటే 87లే. డబ్బా అడుగున నీళ్ళు తగిలి ముప్పై కార్డుల దాకా ఒకదానికొకటి అతుక్కున్నాయి, విడదీయబోతే ఆటగాడి ముఖం పక్కవాడి వీపుకి అంటుకుపోయింది. మావాడు మాత్రం దిగులు పడలేదు, 792 పూర్తి చేస్తానని కాగితం మీద నంబర్లు రాస్తున్నాడు. 320 బ్యారీ బాండ్స్ లేడు, 170 బో జాక్సన్ లేడు, 366 మాత్రం ఉంది, మార్క్ మక్‌గ్వయర్, నుదురు మీద గీత పడింది. సినిమాలో ఏముందో మళ్ళీ చూడమంటే చూడను పొమ్మన్నాడు, వాడికి ఇప్పుడు 320 కావాలట.

పాత_అట్టలు
నా దగ్గర 320లు తొమ్మిది ఉన్నాయి. ఒకటి పంపిస్తా, డబ్బులు వద్దు. మెసేజ్‌లో అడ్రస్ పెట్టు. బో జాక్సన్ కూడా చూస్తా. ప్లాస్టిక్ కవర్లో వేసి పంపుతా, పిల్లాడు ముట్టుకునేముందు చేతులు కడుక్కోమను.

షికాగో_చిట్టి
ట్రేడెడ్ 70T నేనిస్తా. దానికి వేరే కవర్ పెట్టు ఫణీ, 792 లెక్కలో కలపకు.

పాత_అట్టలు
మళ్ళీ మొదలెట్టావా..

మౌనపాఠకుడు
@కృష్ణాతీరం ఫోటో రేపు పెడతాను. పుస్తకం మా అమ్మ దగ్గర గుంటూరులో ఉంది, తమ్ముణ్ణి తీసి పంపమన్నాను. దసరా ఇంకా దూరమే కదా.