డ్రైవ్‌లు పెట్టినప్పటి నుంచి కెపాసిటర్లు ఉబ్బిపోతున్నాయి. ఫిల్టర్ కొనక తప్పదా?

నూలుమిల్లు:
గుంటూరు జిల్లాలో ఒక స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ పనులు చూస్తాను. 11 కేవీ సరఫరా, 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ఇంపెడెన్స్ (దాని లోపలి అడ్డు) 5 శాతం. నిరుడు నూలు వడికే రింగు ఫ్రేములకు వీఎఫ్‌డీ డ్రైవ్‌లు (మోటారు వేగం మార్చేవి) బిగించారు. అంతకుముందు ఏడేళ్లు ఏ ఇబ్బందీ పెట్టని, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న విద్యుత్తులో నిజంగా పనిచేసే వంతు) పెంచే కెపాసిటర్ ప్యానెల్‌లో ఈ నాలుగు నెలల్లో మూడు కెపాసిటర్లు పోయాయి. 25 కేవీఏఆర్ (రియాక్టివ్ పవర్ కొలత) చొప్పున ఎనిమిది స్టెప్పులు (విడివిడిగా ఆన్ అయ్యే కెపాసిటర్లు), అన్నీ 440 వోల్టులవి. ఎనిమిదో స్టెప్పు పడగానే ట్రాన్స్‌ఫార్మర్ మోత మారి జోరీగ రొదలా సన్నబడుతుంది. ట్రూ ఆర్‌ఎంఎస్ క్లాంప్ మీటర్‌తో చూస్తే ఒక్కో కెపాసిటర్‌కు 44 ఆంపియర్లు వస్తోంది. ఉండాల్సింది 33 లోపే. పైగా స్టెప్పులను ఆన్, ఆఫ్ చేసే ప్యానెల్ రిలే 0.99 చూపిస్తుంటే బిల్లులో పవర్ ఫ్యాక్టర్ 0.93 వస్తోంది. యాక్టివ్ ఫిల్టర్ (కరెంటు అల ఆకారాన్ని సరిచేసే పరికరం) తప్ప దారి లేదని ఒక సప్లయర్ అంటున్నారు. ఆ ధర విని మా యజమాని నోట మాట రాలేదు. పెద్దలు ఎవరైనా చెప్పండి.

ప్యానెల్ బిల్డర్:
440 వోల్టులవి తీసేసి 525 వోల్టుల కెపాసిటర్లు వేయండి, తట్టుకుంటాయి.

విశ్రాంత టెస్టింగ్ ఇంజినీరు:
బాబూ, మీరిచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది. 500ను 0.05తో భాగించండి, 10,000 కేవీఏ. అది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం. దాన్ని మీ 200 కేవీఏఆర్‌తో భాగిస్తే 50, దాని వర్గమూలం 7.07. 50 హెర్ట్జ్‌కు అన్ని రెట్ల దగ్గర రెజొనెన్స్ వస్తుంది, అక్కడ కరెంటు బాగా పెరిగిపోతుంది. మామూలు సిక్స్ పల్స్ డ్రైవ్‌లు వదిలేవి 5, 7, 11, 13వ హార్మోనిక్‌లు (50 హెర్ట్జ్‌కు అన్ని రెట్ల ఫ్రీక్వెన్సీ కరెంట్లు). అంటే ఎనిమిదో స్టెప్పుతో మీ బ్యాంకు (కెపాసిటర్లన్నీ), ట్రాన్స్‌ఫార్మర్ కలిసి సరిగ్గా 7వ దాని దగ్గర, 350 హెర్ట్జ్ దగ్గర, రెజొనెన్స్‌లో పడుతున్నాయి. మీరు విన్న రొద అదే. కెపాసిటర్ల నాణ్యతలో లోపం ఉందని నేననుకోను.

525 వోల్టులవి మాత్రమే వేస్తే డబ్బాలు తట్టుకుంటాయి, రెజొనెన్స్ మాత్రం పక్కకు జరుగుతుంది. అప్పుడు ఐదు స్టెప్పులు పడినప్పుడల్లా 11 దగ్గరికి వస్తుంది.

రిలే చూసేది 50 హెర్ట్జ్ వోల్టేజ్, కరెంటుల మధ్య కోణాన్ని. బిల్లు కేవీఏహెచ్ (కేవీఏ-గంటలు) మీద వస్తుంది, మీ మీటరు హార్మోనిక్ కరెంటునూ అందులో కలుపుతున్నట్టుంది. ఆ తేడాను ఎన్ని కెపాసిటర్లు చేర్చినా పూడ్చలేరు.

ముందుగా బ్యాంకు మొత్తం ఆపేయండి. ఒక నెల బిల్లు పెరిగితే పెరగనివ్వండి. ఉబ్బిన డబ్బాను మాత్రం వెంటనే ముట్టుకోవద్దు. లోపలి డిశ్చార్జ్ రెసిస్టర్ తెగిపోయి ఉంటే ఛార్జ్ అలాగే నిలిచి ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగి, మీటరుతో చూసి, టెర్మినళ్లు షార్ట్ చేశాకే విప్పండి. హెల్పర్ కుర్రాళ్లకు ఈ మాట మీరే దగ్గరుండి చెప్పండి.

తర్వాత ప్రతి డ్రైవ్ ముందు 3 శాతం లైన్ రియాక్టర్ (తీగచుట్ట). డ్రైవ్ కరెంటులోని వక్రత (అల ఆకారం చెడడం) దాదాపు సగానికి తగ్గుతుంది, ఖర్చు తక్కువ. ఆ తర్వాత కెపాసిటర్ల ముందు 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్లు (రెజొనెన్స్‌ను హార్మోనిక్‌ల నుంచి పక్కకు జరిపే తీగచుట్టలు). దాంతో బ్యాంకు 189 హెర్ట్జ్‌కు ట్యూన్ అవుతుంది. 250 అంతకన్నా పైనే ఉంది కాబట్టి 5వ దాని నుంచి ఏదీ రెజొనెన్స్‌లోకి రాదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రియాక్టర్ చేర్చగానే కెపాసిటర్ మీద వోల్టేజ్ పెరుగుతుంది: 415ను 0.93తో భాగిస్తే 446. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో కొత్త రియాక్టర్ల వెనక పాత 440 వోల్టులవే ఉంచారు. నేను ప్యానెల్ తలుపు తీసేసరికి మూడు డబ్బాల మూతలు గోపురాల్లా లేచి ఉన్నాయి. రియాక్టర్ ఉన్న స్టెప్పులనూ లేనివాటినీ ఒకే బ్యాంకులో కలపడం కూడా ప్రమాదమే.

ఆపైన హార్మోనిక్ అనలైజర్‌తో కొలవండి. ఐఈఈఈ 519 (హార్మోనిక్‌ల పరిమితుల ప్రమాణం) ప్రకారం 11 కేవీ వైపు వోల్టేజ్ వక్రత 5 శాతం దాటకూడదు. అప్పటికీ దాటితే ట్యూన్డ్ ఫిల్టర్ (ఒక హార్మోనిక్‌ను తనలోకి లాక్కునే కెపాసిటర్, రియాక్టర్ జత) గురించి ఆలోచించండి. 5వ దానికైతే 250 దగ్గర కాకుండా 235 దగ్గర ట్యూన్ చేయిస్తారు. కెపాసిటర్ పాతబడి విలువ తగ్గేకొద్దీ ఆ ఫ్రీక్వెన్సీ పైకి పోతుంది. అది 250 దాటితే, ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిసి దానికి కాస్త దిగువనే ఏర్పడే రెజొనెన్స్ వచ్చి 5వ దాని మీదే కూర్చుంటుంది. యాక్టివ్ ఫిల్టర్ మంచి పరికరమే. సీటీ (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్)తో కరెంటు చూసి ఎదురు కరెంటును పంపుతుంది. కానీ రెజొనెన్స్ ఉన్నచోట దాన్ని ముందే కొనడం చిల్లు పూడ్చకుండా కుండ నింపడమే.

నూలుమిల్లు:
సార్, అద్దెకు అనలైజర్ తెచ్చి కొలిచాను. ఎనిమిది స్టెప్పులతో లోటెన్షన్ (415 వోల్టుల) వైపు వోల్టేజ్ వక్రత 15 శాతం, ఎక్కువ భాగం 7వదే. బ్యాంకు ఆపగానే 7కు దిగింది, రొద పోయింది. రిలే 0.85 చూపిస్తోంది. యజమాని లైన్ రియాక్టర్లకు ఒప్పుకున్నారు. డీట్యూన్డ్ బ్యాంకుకు కూడా 25 కేవీఏఆర్ ఎనిమిది స్టెప్పులే రాయించనా?

విశ్రాంత టెస్టింగ్ ఇంజినీరు:
సరిపోవు. 525 వోల్టుల 25 కేవీఏఆర్ కెపాసిటర్ 7 శాతం రియాక్టర్‌తో 415 దగ్గర ఇచ్చేది సుమారు 17 మాత్రమే. ఎనిమిదింటికి 134. మీకు పన్నెండు కావాలి. కొటేషన్‌లో ఎన్ని వోల్టుల దగ్గర ఎన్ని కేవీఏఆర్ అన్నది స్పష్టంగా రాయించుకోండి.